రంగుల ‘మాయాబజార్’లో ఎస్వీ రంగారావు ఎంత మిగిలారు?

1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ ఇవాళ రెండు రూపాల్లో దొరుకుతోంది. ఒకటి మార్కస్ బార్ట్‌లే కెమెరా పట్టిన నలుపు తెలుపు చిత్రం, నిడివి 184 నిమిషాలు. రెండోది హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది, శబ్దాన్ని చుట్టూ పెట్టిన స్పీకర్ల నుంచి వినిపించే డీటీఎస్ 5.1కు మార్చి, 2010 జనవరి 30న థియేటర్లలోకి తెచ్చిన ప్రతి. కొత్తగా పెద్ద టీవీ కొన్నవాళ్లూ, పిల్లలకు మొదటిసారి చూపించాలనుకునేవాళ్లూ అడిగేది ఒకటే: వీటిలో ఏది పెట్టమంటారు?

సినిమా గొప్పదా కాదా అన్న మాట ఎప్పుడో తేలిపోయింది. ఇక్కడ తూచేది రంగుల ప్రతిని. తూనికరాయి ఎస్వీ రంగారావు. ఘటోత్కచుడు ఏ ప్రతిలో కిరీటం నుంచి పాదాల దాకా కనిపిస్తాడో, ఏ ప్రతిలో ఆయన గొంతు అసలు బరువుతో వినిపిస్తుందో అదే మంచి ప్రతి. ఈ సినిమాలో ఒళ్లంతా పెట్టి ఆడిన పాత్ర ఘటోత్కచుడిది. మొహంతో నెట్టుకొచ్చే నటుడికి ఫ్రేము పైనా కిందా కాస్త కోసినా పెద్దగా పోయేదేమీ ఉండదు. రంగారావుకు పోతుంది, చాలానే పోతుంది.

ఎందుకు పోతుందో తెలియాలంటే ఆయన ఎక్కడి నుంచి వచ్చారో చూడాలి. సామర్ల వెంకట రంగారావు 1918 జులై 3న నూజివీడులో పుట్టారు. మద్రాసులో బడి చదువు, కాకినాడలో బీఎస్సీ. నటన పట్టుబడింది కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో. చదువయ్యాక ఫైర్ ఆఫీసరుగా ఉద్యోగం చేశారు, దాన్నీ వదిలేశారు. తొలి సినిమా ‘వరూధిని’లో ప్రవరాఖ్యుడు. అది ఆడలేదు. మళ్లీ ఉద్యోగమే దిక్కని జంషెడ్‌పూర్ టాటా కంపెనీకి వెళ్లిపోయారు. 1949లో ‘మనదేశం’తో తిరిగొచ్చి, 1950లో ‘షావుకారు’లో సున్నం రంగడుగా కుదురుకుని, 1951లో ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడై ఇక వెనక్కి చూడలేదు. ఘటోత్కచుడి నాటికి ఆయన వయసు 38. తల్లి హిడింబిగా వేసిన సూర్యకాంతం ఆయనకన్నా ఆరేళ్లు చిన్న. తెర మీద ఆ సంగతి ఒక్క క్షణం కూడా గుర్తుకు రాదు. ఆమె గదమాయిస్తే ఆయన ఒదిగే తీరులో ఆ ఆరేళ్లూ తిరగబడిపోతాయి.

రంగస్థలం మీద పెరిగిన నటుడికి ఒక అలవాటు ఉంటుంది. చివరి వరసలో కూర్చున్నవాడికి కనుబొమ కనపడదు. భుజం కనపడుతుంది, చెయ్యి లేచిన ఎత్తు కనపడుతుంది, నడక కనపడుతుంది. అందుకని భావం ముందు ఒంట్లో పుట్టి తరవాత మొహంలోకి వస్తుంది. రంగారావు సినిమాకు వచ్చి మొహాన్ని అదుపు చేసుకోవడం నేర్చుకున్నారు గానీ ఒంటిని మాత్రం ఒదులుకోలేదు. ఘటోత్కచుడి తొలి ప్రవేశమే చూడండి. గద భుజం మీదికి వెళ్లే తీరు, ఛాతీ ముందుకొచ్చి మెడ వెనక్కి వాలడం, అడుగు పడ్డాక అర క్షణం ఆగి ఒంటి బరువంతా ఆ కాలి మీదికి దిగడం. నవ్వు కూడా పొట్టలో మొదలై భుజాలు కదిలాకే నోటికి అందుతుంది. పెదవుల దగ్గర మొదలయ్యే నవ్వు కాదది.

ఇలా ఆడే నటుడికి 4:3 ఫ్రేము, అంటే నాలుగు పాళ్ల వెడల్పుకు మూడు పాళ్ల ఎత్తున్నది, కుదిరినట్టు మరోటి కుదరదు. వెడల్పాటి తెరలతో పోలిస్తే దీనికి ఎత్తు పాలు ఎక్కువ కాబట్టి నిలబడ్డ మనిషి నిండుగా పడతాడు. రంగుల ప్రతి చేసినప్పుడు థియేటర్ తెరను నింపడానికి సినిమాస్కోప్ వెడల్పుకు మార్చారు. లెక్క వేస్తే నష్టం ఎంతో తెలుస్తుంది. ఎత్తుకు 1.33 రెట్ల వెడల్పు ఉన్న బొమ్మను అడ్డంగా సాగదీయకుండా స్కోప్ పాళ్లైన 2.35 రెట్లకు చెయ్యాలంటే ఎత్తులో దాదాపు 43 శాతం వదులుకోవాలి. ఇంట్లో టీవీ ఆకారమైన 16:9కి నింపినా సరిగ్గా పావు వంతు పోతుంది. ఎవరు ఎంత జాగ్రత్తగా, షాటు షాటుకూ ఫ్రేమును పైకీ కిందికీ జరుపుతూ కోసినా పోయే వైశాల్యం పోయేదే. కిరీటం ఉంచితే పాదాలు పోతాయి, పాదాలు ఉంచితే కిరీటం తెగుతుంది. రెండూ మధ్యలో సర్దితే నిలబడ్డ రాక్షసుడు కాస్తా నడుము దాకా కనిపించే మనిషవుతాడు. ఆకారం పెంచుకుని వంటకాల ముందు కూర్చున్న ఘటోత్కచుడి షాట్లలో ఈ చిక్కు అన్నిటికన్నా ఎక్కువ. పైన తల, కింద గంగాళాలు, ఈ రెంటి నడుమ ఉన్న ఎత్తే అక్కడి చమత్కారం. అద్భుతమంతా నిలువులో ఉంటే తెరను అడ్డంగా పెంచారు.

రంగు సంగతికొద్దాం. నలుపు తెలుపు ఫిల్ము వెలుగు పాళ్లను మాత్రమే పట్టుకుంటుంది. ఎరుపో ఆకుపచ్చో దానికి తెలియదు, రెండూ ఒకే బూడిద ఛాయలో పడొచ్చు. అందుకే ఆ రోజుల్లో బట్టల రంగునూ గోడల రంగునూ ఎంచేటప్పుడు కంటికి ఎలా ఉందన్నది కాక ఫిల్ము మీద ఏ ఛాయలో తేలుతుందన్నది చూసేవారు. రంగులద్దేవాళ్లు ఆ వెలుగునీడలను అలాగే ఉంచి, పైన ఒక్కో వస్తువుకు ఒక్కో రంగు పొర పరుస్తారు. లోహం, పట్టు, పూలు, గోడలు ఈ పద్ధతికి బాగా లొంగుతాయి. మనిషి చర్మం లొంగదు. బతికున్న మొహంలో చెంప ఒక రంగు, కణత ఒక రంగు, పెదవి చుట్టూ మరో రంగు. రక్తం పొంగితే అవన్నీ మారతాయి. పరిచిన పొర మారదు. ఘటోత్కచుడు ఆనందం నుంచి ఆగ్రహంలోకి వెళ్లేటప్పుడు నలుపు తెలుపులో ఆ మార్పును వెలుగు ఒక్కటే మోస్తుంది. చూసేవాడి మనసు మిగతాది నింపుకుంటుంది. రంగుల ప్రతిలో ఆ ఒకే చామనఛాయ ముందుకొచ్చి కూర్చుని కంటిని కళ్ల దగ్గర, నోటి దగ్గర నిలవనివ్వదు.

వెన్నెల విషయంలో ఇంకా బాధ. ‘లాహిరి లాహిరి’ పాటలో బార్ట్‌లే వెన్నెల అంతా బూడిదలోని మెట్ల మీద నిలబడింది. నీటి మీది మెరుపు, మబ్బు అంచు, సావిత్రి చెంప మీది వెలుగు, ఈ మూడూ మూడు వేర్వేరు తెలుపులు. వాటి మీద రంగు పడ్డాక వెన్నెల కాస్తా రాత్రి అనే గుర్తుగా మిగిలింది.

అలాగని రంగుల ప్రతిని తీసిపారెయ్యడానికి లేదు. ‘వివాహ భోజనంబు’ దగ్గర అది నిజంగా పని చేసింది. గారెలు, బూరెలు, అరిసెలు, లడ్లు, జిలేబీలు, అప్పడాలు, పులిహోర, దప్పళాలు, పాయసాలు అని పాట వరస పెడుతుంటే వంటకాలు తమ తమ రంగుల్లో కనిపించడం పిల్లలకు పండగే. నలుపు తెలుపు అనగానే మొహం తిప్పుకునే పదేళ్ల పిల్లవాడిని కూర్చోబెట్టడానికి ఈ కొద్ది నిమిషాలూ చాలు. గోఖలే, కళాధర్ రూపొందించిన సెట్ల పనితనం, నగల చెక్కడం రంగుల్లో మరింత విడివిడిగా కనపడతాయి. అసలు ఫిల్ము మీది గీతలూ మచ్చలూ చాలావరకు తుడిచిన శ్రమ ప్రతి రీలులోనూ తెలుస్తుంది. ఆ శుభ్రత అంతా నలుపు తెలుపు ప్రతికే చేసి, 4:3లోనే ఇచ్చి ఉంటే ఈ సమీక్ష ఇక్కడితో ముగిసేది.

రంగుల ప్రతికి ఉన్న అసలు లోపం రంగు కాదు, కోత. ‘భళి భళి దేవా’, ‘విన్నావటమ్మా యశోదమ్మా’ పాటలూ, పద్యాల్లో చాలా భాగమూ నలుపు తెలుపు ప్రతిలోనే ఉండిపోయాయి. ‘భళి భళి దేవా’ పోవడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ద్వారకకు కోపంగా దూసుకొచ్చిన ఘటోత్కచుడిని ఒక ముసలివాడు అటకాయించే ఘట్టం అది. ముసలి రూపంలో ఉన్నది కృష్ణుడు, వేసింది కంచి నరసింహారావు, పాడింది మాధవపెద్ది సత్యం. ఆ పాటలో రంగారావుకు మాట లేదు, పని లేదు. నిలబడి వినాలి, చిరాకు పడాలి, అర్థం కాక తల తిప్పాలి. అంతటి బలవంతుడు ఒక ముదుసలి మాటకు దొరికిపోయి ఎటు పోవాలో తెలియక నిలబడ్డ తీరు చూడాలి. ఎదుటివాడు పాడుతుంటే ఊరుకుని నటించడం రంగస్థలం మీద అన్నిటికన్నా కష్టమైన విద్య. దాన్ని రంగారావు ఎంత సునాయాసంగా చేస్తారో చెప్పే ఘట్టాన్ని పక్కన పెట్టేశారు.

పద్యాలదీ అదే కథ. మాయాబజార్ కథ సినిమా కన్నా ముందు నాటకంగా ఊరూరా ఆడింది. ‘కీచక వధ’తో 1885లో మొదలైన సురభి వారు నేటికీ ‘మాయాబజార్’ ఆడుతున్నారు. పౌరాణిక నాటకానికి పద్యం ఎముక లాంటిది. నాటకంలో పద్యం పాడేవాడే నటించాలి, రాగం తీస్తున్నంతసేపూ ఒళ్లు రాగానికి లొంగిపోతుంది, అందుకే చాలామంది పద్యనటులు పద్యం వచ్చేసరికి కదలడం మానేసేవారు. సినిమా ఈ రెంటినీ విడదీసింది. గొంతు మాధవపెద్దిది, ఒళ్లు రంగారావుది. పాట భారం లేని ఆ ఒంటితో పద్యంలో ఆయన ఏం చేశారన్నది చూడవలసిన వస్తువు. సమాసం ఎక్కడ విరుగుతుందో అక్కడ చూపు మారుతుంది. గాయకుడు ఊపిరి తీసుకునే చోట ఆయన ఛాతీ కూడా లేస్తుంది, అందుకే గొంతు అరువుదని అనిపించదు. పద్యం తీసేస్తే కథకు నష్టం లేదని కత్తెర వేసినవాళ్లు అనుకుని ఉండొచ్చు. కథకు లేకపోవచ్చు, నటుడికి ఉంది.

మాట విషయంలో రంగుల ప్రతికి ఒక చిన్న మెరుగూ, ఒక పెద్ద చిక్కూ ఉన్నాయి. అసలు ప్రతిలో శబ్దం ఒకే ట్రాకు, మోనో. పాత ప్రింట్లలో గురగుర, చిటపట ఎక్కువ. కొత్తదాంట్లో ఆ రొద తగ్గింది. అయితే 5.1 శబ్దంలో మాటలు ప్రధానంగా మధ్య స్పీకరుకు వెళ్తాయి. ఇంట్లో రెండు స్పీకర్ల టీవీ ఉండి, సెట్టింగు సరౌండ్‌లో ఉంటే సంగీతం పైకొచ్చి మాట వెనక్కి పోతుంది. పింగళి నాగేంద్రరావు సృష్టించిన ‘అసమదీయులు’, ‘తసమదీయులు’, ‘వీరతాడు’ లాంటి మాటలు మొదటిసారి వినేవాడికి అక్షరం అక్షరం అందాలి. టీవీ ఆడియో అవుట్‌పుట్‌ను స్టీరియో లేదా పీసీఎంకు మారిస్తే మధ్య చానల్ రెండు స్పీకర్లకూ పంచుకుని మాట ముందుకొస్తుంది.

గొంతుకు సంబంధించి మరో జబ్బు ఉంది, అది నలుపు తెలుపు డీవీడీలకూ, వాటి నుంచి ఎక్కించిన ఆన్‌లైన్ ప్రతులకూ పట్టేది. సినిమా సెకనుకు 24 ఫ్రేముల మీద తీశారు. మన పాల్ వీడియో పద్ధతి 25 ఫ్రేములది. ఒక ఫ్రేము తేడాను సర్దడానికి సినిమానే 4 శాతం వేగంగా నడిపేస్తారు. 184 నిమిషాల చిత్రం దాదాపు 176 నిమిషాల 40 సెకన్లలో అయిపోతుంది. దాంతోపాటు శ్రుతి ఒక స్వరస్థానంలో మూడింట రెండు వంతుల మేర పైకి పోతుంది. ఇది ఘంటసాల పాటలో అంతగా తెలియకపోవచ్చు గానీ రంగారావు మాటలో తెలుస్తుంది. నాభి నుంచి లేచే ఆ మంద్రం పలచబడి, ఎవరో ఆయన్ను అనుకరిస్తున్నట్టు ఉంటుంది. నడకా చిన్నబోతుంది. అడుగు పడ్డాక ఆగే ఆ అర క్షణం తరిగిపోతుంది కదా.

దీనికి మందు ఉంది. ఫైలు గానీ డిస్కు గానీ కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ మీద ఆడిస్తే, ప్రిఫరెన్సెస్‌లో ఆడియో కింద ఉన్న టైమ్ స్ట్రెచింగ్ టిక్కు తీసేసి, వేగం 0.96 పెట్టాలి. టిక్కు తీయకపోతే వేగం తగ్గుతుంది గానీ శ్రుతి దిగదు. యూట్యూబ్‌లో వేగం తగ్గించినా ఇదే ఇబ్బంది, అది శ్రుతిని పట్టి ఉంచుతుంది కాబట్టి గొంతు బాగుపడదు. అమెరికాలో అమ్మే ఎన్‌టీఎస్‌సీ డిస్కులకు ఈ జబ్బు లేదు, వేగం దాదాపు అసలుదే. వాటిలో ఫ్రేములను రెండు మూడు సార్లు తిప్పి చూపడం వల్ల కెమెరా పక్కకు జరిగేటప్పుడు సన్నని కుదుపు ఉంటుంది. గొంతు నిలబడుతుంది కాబట్టి ఆ కుదుపును భరించొచ్చు.

కొనే ముందు, లేదా లింకు నొక్కిన వెంటనే, నిడివి చూడండి. 184 దగ్గర ఉంటే వేగం సరిగ్గా ఉన్న నిండు ప్రతి. 176, 177 ఉంటే నిండు ప్రతే గానీ వేగం పెంచింది. అంతకన్నా బాగా తక్కువ ఉంటే ఎక్కడో కోశారన్నమాట. ‘భళి భళి దేవా’ ఉందో లేదో వెతికితే అనుమానం తీరిపోతుంది. సన్నివేశాలు ముక్కలుగా పెట్టిన వీడియోల జోలికి మొదటిసారి వెళ్లకూడదు. ఘటోత్కచుడు కథలోకి ఎంత ఆలస్యంగా వస్తాడో, ఆ ఆలస్యమే ఆయన రాకకు బలం.

డీవీడీ అయితే వెనక అట్ట చదవాలి. ఒకే పొర డిస్కులో 4.7 గిగాబైట్లు పడతాయి. మూడు గంటల సినిమాను అందులో సర్దితే సెకనుకు సుమారు 3.4 మెగాబిట్లు దక్కుతాయి, చీకటి భాగాలు కాస్త గళ్లుగళ్లుగా అవుతాయి. రెండు పొరల డిస్కు 8.5 గిగాబైట్లు, అందులో 6 మెగాబిట్లు దాటుతుంది, ఇది చాలు. మూడు సినిమాలు ఒకే డిస్కులో కుక్కిన రకం చవగ్గా దొరుకుతుంది గానీ అందులో అడవి సన్నివేశాలన్నీ నల్లటి ముద్దే. రంగారావు నల్లటి ఒంటి మీది నగల మెరుపు, వెనక చెట్ల నీడ, రెండూ కలిసిపోతాయి. ఇక 1080 అని రాసినంత మాత్రాన వివరం పెరగదు. మూలం పాత డీవీడీ అయితే 576 గీతలే సాగి కనపడతాయి. కృష్ణుడి కిరీటం మీది చెక్కడం విడివిడిగా కనిపిస్తోందా అని ఒక్క షాటు ఆపి చూస్తే అసలుదో సాగదీసిందో తెలిసిపోతుంది.

టీవీ సర్దడానికి రెండు నిమిషాలు పట్టదు. ముందు బొమ్మ ఆకారం ఒరిజినల్ లేదా 4:3 పెట్టాలి. 55 అంగుళాల టీవీ అడ్డం 48 అంగుళాలు, నిలువు 27. అందులో 4:3 బొమ్మ 36 అంగుళాల వెడల్పులో పడి అటూ ఇటూ ఆరేసి అంగుళాల నలుపు మిగులుతుంది. ఆ నలుపు చూసి డబ్బులు వృథా అయ్యాయని జూమ్ నొక్కేస్తారు చాలామంది. అక్కడే కిరీటం పోతుంది. వైడ్ నొక్కితే ఇంకా ఘోరం, రంగారావు వెడల్పు మూడో వంతు పెరిగి, ఠీవి పోయి లావు మిగులుతుంది. ఎక్కించినవాళ్లే సాగదీసి ఉంటే కనిపెట్టడానికి రథచక్రమో, వెన్నెల పాటలో చందమామో చూడండి. గుండ్రంగా లేకపోతే ఆ ప్రతి వదిలెయ్యండి.

తరవాత కదలికను నున్నగా చేసే సదుపాయం ఆపెయ్యాలి. సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ, ఎల్జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అంటారు. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య లేని బొమ్మలను టీవీ తానే పుట్టించి దూరుస్తుంది. లడ్లు ఒకదాని వెంట ఒకటి లేచి ఘటోత్కచుడి నోట్లో పడే షాటులో ఇది చేసే చెడుపు స్పష్టంగా కనపడుతుంది. ఆ ట్రిక్కు ఫ్రేము ఫ్రేముగా కట్టింది, లడ్డు కదలికలోని ఆ చిన్న విరుపే దాని అందం. నున్నన చేస్తే లడ్డు జిగురులా సాగుతుంది. కంబళి చుట్టుకుపోయే, తల్పం తిరగబడే ట్రిక్కులకూ ఇదే వర్తిస్తుంది. షార్ప్‌నెస్ తగ్గించండి, లేకపోతే కిరీటాల చుట్టూ తెల్లటి అంచు వస్తుంది. చివరగా ఒక చిట్కా: నలుపు తెలుపు ప్రతి చూసేటప్పుడు టీవీలో కలర్ సున్నా చెయ్యండి. పాత బదిలీల్లో ఉండే పచ్చ, ఊదా జీర మొత్తం పోయి శుద్ధమైన బూడిద వస్తుంది. రంగుల ప్రతి మీద ఇదే చేస్తే అసలు సినిమా వస్తుందని ఆశపడకండి. కోసిన ఫ్రేము తిరిగి రాదు, తీసేసిన పాటా రాదు.

ఇదంతా చేశాక ఒక ముచ్చట తప్పక చూడాలి. మాయా శశిరేఖగా సావిత్రి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి వెళ్లాక సావిత్రి ఆడింది శశిరేఖను కాదు, రంగారావును. నడుం మీద చెయ్యి పెట్టే కోణం, కాలు నేలకు తాటించే బరువు, గడ్డం పైకెత్తి కింది చూపు చూడటం, లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు ఒంటిని ముందుగా కూడగట్టుకోవడం. ఇరవై ఏళ్ల పిల్ల ఒంట్లో రాక్షసుడి కీళ్లు పని చేస్తాయి. ‘అహ నా పెళ్లియంట’లో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరేసరికి లోపలున్నది ఎవరో చెవికీ తెలుస్తుంది. ఒక నటుడి ఆంగికం, అంటే ఒంటితో చేసే అభినయం, ఎంత కచ్చితమైన వ్యాకరణమో తెలియాలంటే ఇంతకన్నా రుజువు దొరకదు, ఎందుకంటే మరొకరు దాన్ని నేర్చుకుని తప్పు లేకుండా పలికారు. ముందు ఘటోత్కచుడి తొలి ప్రవేశం చూసి, వెంటనే పెళ్లి పందిరి సన్నివేశానికి వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి చూడండి. పాదాలు కనపడకపోతే ఈ పోలికే లేదు. కోసిన ఫ్రేములో సావిత్రి మొహం చిలిపిగా కనిపిస్తుంది, కాలి పని సగం తెలియదు.

గుమ్మడి సంగతి ఒకటి చెప్పాలి. బలరాముడిగా వేసిన గుమ్మడి వెంకటేశ్వరరావు ఈ రంగుల ప్రతిని ప్రదర్శించినప్పుడు వచ్చి చూశారు. జనం మధ్యకు ఆయన రావడం అదే చివరిసారి. విడుదలకు నాలుగు రోజుల ముందు, 2010 జనవరి 26న కన్నుమూశారు. రంగారావు 1974 జులై 18నే మద్రాసులో వెళ్లిపోయారు. తన ఘటోత్కచుడికి ఏ రంగు వేశారో ఆయనకు తెలిసే అవకాశమే లేకపోయింది. గోల్డ్‌స్టోన్ సంస్థ ‘మాయాబజార్’తో కలిపి 14 సినిమాల నెగెటివ్ హక్కులు తీసుకుంది గానీ, హక్కుల చిక్కుల వల్ల మిగతావాటికి రంగులద్దే పని ముందుకు సాగలేదు. రంగారావు అభిమానులకు అందులో ఒక మేలు జరిగిందనే చెప్పాలి.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. పిల్లలకు రంగుల ప్రతిలోంచి భోజనం పాట చూపించి, ఆకలి పుట్టాక నలుపు తెలుపు ప్రతి మొదటి నుంచి పెట్టండి. ఇదివరకే చూసినవాళ్లకు రంగుల ప్రతి ఒకసారి చాలు, అదీ సెట్లూ నగలూ చూడటానికి. ఇంట్లో ఉంచుకోవడానికి మాత్రం రెండు పొరల డిస్కులో 4:3 నలుపు తెలుపు ప్రతే.

ఆ తరవాత వెంటనే ‘నర్తనశాల’ పెట్టండి. 1963లో కమలాకర కామేశ్వరరావు తీసిన ఆ చిత్రంలో కీచకుడి పాత్రకు 1964లో జకార్తా ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో రంగారావు ఉత్తమ నటుడిగా గెలిచారు. అదీ 4:3, అదీ నలుపు తెలుపు, టీవీ సెట్టింగులు ఏవీ మార్చనక్కర్లేదు. ఘటోత్కచుడిలో నేలకు దిగిన ఒంటి బరువు కీచకుడిలో కళ్లలోకి ఎక్కుతుంది. సైరంధ్రిని మొదటిసారి చూసినప్పుడు ఆయన నడక ఆగిపోయి, తల మాత్రమే ఆమె వెంట నెమ్మదిగా తిరుగుతుంది. ఎదురుగా ఉన్నది మళ్లీ సావిత్రే. ఆ ఘట్టంలో ఆయన రెండు చేతులు ఎక్కడున్నాయో గమనించండి.